ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోంది? కారు ప్రశ్నలు - జవాబులు

ఎండలు ముదిరేకొద్దీ ఆయిల్ లీకుల గురించి ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి వచ్చినవాటిలో చాలా భాగం దుబాయ్‌లోని కరామా నుంచి, ఆ చుట్టుపక్కల నుంచి వచ్చాయి. లీకుల మీదే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి కాబట్టి ఈ సంచికలో వేరే ప్రశ్నలు తీసుకోలేదు.

ప్రశ్న: మాది కరామా. కారు 2013 నిస్సాన్ సన్నీ, 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్న బండి తీస్తే కింద అరచేతి వెడల్పున నల్ల మరక కనిపిస్తోంది. బిల్డింగ్ వాచ్‌మన్ రోజూ పోరుతున్నాడు. అల్ ఖూజ్‌లో ఒక ఫోర్‌మన్ కిందికి వంగి చూసి, "రియర్ మెయిన్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి, 1,400 దిర్హామ్‌లు" అన్నాడు. షార్జాలో ఇంకొకాయన సంప్ గాస్కెట్ అన్నాడు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇప్పటికిప్పుడు ఎవరి మాటా నమ్మి డబ్బు కట్టకండి. ఇద్దరూ చుక్క రాలే చోటు చూసి చెప్పారు. ఆయిల్ బయటికొచ్చే చోటు వేరే ఉండొచ్చు. పైన టాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) దగ్గర ఊరిన ఆయిల్ ఇంజిన్ వెనక గోడ మీదుగా జారుతుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే అంచు దాకా వచ్చి అక్కడ చుక్కలుగా పడుతుంది. కింద నుంచి చూసేవాడికి అది అచ్చం రియర్ మెయిన్ సీల్ లీకులాగే ఉంటుంది. దానికితోడు రోడ్డు మీద బండి వేగంగా పోతున్నప్పుడు గాలి ఆ తడిని వెనక్కి నెట్టి కింది ఆయిల్ తొట్టి, అంటే సంప్ అంతా పులుముతుంది. మీ షార్జా మెకానిక్ చూసింది బహుశా ఆ తడినే.

గేర్‌బాక్స్ దించడం పెద్ద పని. ఆ సీల్ ఖరీదు తక్కువే, కూలీయే ఎక్కువ. టాపెట్ కవర్ గాస్కెట్ అయితే పైనుంచే, గంటా రెండు గంటల్లో అయిపోతుంది. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా గేర్‌బాక్స్ విప్పించకండి.

తేల్చుకునే పద్ధతి చెబుతాను. ముందు కారుతున్నది ఇంజిన్ ఆయిలేనని నిర్ధారించుకోండి. రాత్రి పార్క్ చేశాక ఇంజిన్ కింద ఒక పెద్ద అట్టముక్క పరచండి. ఏ మూల కింద చుక్క పడిందో గుర్తు పెట్టుకోండి. గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉండి, వేళ్ల మధ్య జిడ్డుగా జారితే ఇంజిన్ ఆయిల్. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో కావచ్చు. ఆకుపచ్చగానో, గులాబీ రంగుగానో ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. ఆ తియ్యటి వాసనకు పిల్లులూ కుక్కలూ వచ్చి నాకుతాయి, అది వాటికి విషం. ఆ మడుగును వెంటనే తుడిచేయండి.

ఇంజిన్ ఆయిలేనని తేలితే, గ్యారేజ్‌లో లీకున్న వైపంతా డీగ్రీజర్‌తో కడిగించి ఆరనివ్వండి. ఎలక్ట్రికల్ కనెక్షన్ల మీదికి నీళ్లు కొట్టనివ్వకండి. ఆ తర్వాత ఒక రోజు మామూలుగా నడపండి. మళ్లీ బండి లేపినప్పుడు అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు వైపు ఎక్కడ తడి ఉందో చూడాలి. లీక్ పుట్టేది దాదాపు ఎప్పుడూ అక్కడే. అప్పటికీ తెలియకపోతే అనుమానమున్న చోట టాల్కం పౌడర్ చల్లి ఇంజిన్ ఆన్ చేయించండి. తెల్లటి పొడి మీద కొత్త తడి గీతలా బయటపడుతుంది. మంచి గ్యారేజ్‌లలో ఇంకో సాధనం ఉంది. ఆయిల్‌లో కొద్దిగా డై కలిపి, బండి నడిపి, అతినీలలోహిత టార్చ్ వేస్తారు. లీకున్న చోట పసుపుపచ్చగా మెరుస్తుంది. "డై వేసి చూపించండి" అని మీరే అడగండి. ఆ మాట వినగానే విసుక్కునే గ్యారేజ్‌కి గేర్‌బాక్స్ విప్పే పని అప్పగించకపోవడమే మంచిది.

వెతికే క్రమమూ రాసుకోండి. టాపెట్ కవర్ అంచులు, ఆయిల్ పోసే మూత, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ ఫిల్టర్, ముందు వైపు టైమింగ్ కవర్, క్రాంక్ పుల్లీ వెనకున్న సీల్, సంప్, డ్రెయిన్ నట్, చిట్టచివరగా రియర్ మెయిన్ సీల్. ఈ మధ్యే ఆయిల్ మార్పించి ఉంటే ఫిల్టర్ నుంచీ డ్రెయిన్ నట్ నుంచీ మొదలుపెట్టండి. పాత ఫిల్టర్ రబ్బర్ రింగ్ ఇంజిన్‌కే అంటుకుపోయి, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేస్తే ఆయిల్ ధారగా కారుతుంది. డ్రెయిన్ నట్ కింది వాషర్ నలిగి కూర్చుంటేనే లీక్ ఆగుతుంది. అది ఒక్కసారికే. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయించుకోండి.

రియర్ మెయిన్ సీలే అని కళ్లారా చూశాక మాత్రం వెనకాడకండి, చేయించండి.

ప్రశ్న: మెట్రో స్టేషన్ దగ్గర పార్క్ చేసి, సాయంత్రం వచ్చి ఏసీ ఆన్ చేసి పది నిమిషాలు ఉంటే కారు కింద తడి అవుతోంది. ఇదీ లీకేనా?

జవాబు: రంగూ వాసనా లేని నీళ్లయితే కాదు. దుబాయ్ తేమకి ఏసీ లోపల చల్లటి కాయిల్ మీద చేరిన నీరు గొట్టంలోంచి కిందికి పోతుంది. ఏసీ పనిచేస్తోందనడానికి అదే గుర్తు. ఆ నీళ్లు కింద పడకుండా ముందు సీటు కింద కార్పెట్ తడుస్తుంటే ఆ గొట్టం పూడుకుపోయింది, శుభ్రం చేయించండి.

ప్రశ్న: టొయోటా కరోలా. టాపెట్ కవర్ గాస్కెట్ ఏడాదిలో రెండుసార్లు మార్పించాను. మళ్లీ ఆయిల్ ఊరుతోంది. సామాను నకిలీదంటారా?

జవాబు: సామాను మీద అనుమానం న్యాయమైనదే. కానీ రెండుసార్లు మార్చినా లీక్ ఆగలేదంటే నేను ముందు పీసీవీ వాల్వ్‌ని చూస్తాను.

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత వాయువు ఎప్పుడూ ఇంజిన్ కిందిభాగంలోకి జారుతూ ఉంటుంది. ఆ ఒత్తిడిని ఇన్‌టేక్ వైపు లాగేసేది ఈ చిన్న వాల్వ్. అది మడ్డి పట్టి మూసుకుపోతే లోపలి ఒత్తిడి పోయే దారి లేక బలహీనంగా ఉన్న ప్రతి గాస్కెట్‌నీ తోసుకుని ఆయిల్‌తో సహా బయటికొస్తుంది. కొత్త గాస్కెట్ వేసినా దాన్నీ తోస్తుంది. ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజిన్ నిలకడగా తిరుగుతున్నప్పుడు ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ పెట్టండి. కొద్దిగా లోపలికి లాగితే మంచిది. ఉబ్బి పైకి లేస్తే ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టు. వాల్వ్ విప్పి చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి. శబ్దం రాకపోతే మార్చేయండి, పెద్ద ఖర్చేమీ కాదు. కొత్త వాల్వ్ వేశాక కూడా ఒత్తిడి అలాగే ఉంటే పిస్టన్ రింగులు అరిగాయేమో కంప్రెషన్ పరీక్ష చేయించాలి.

ఇంకో కారణం బిగింపు. కవర్ బోల్టులకి చాలా ఇంజిన్లలో సుమారు 10 న్యూటన్ మీటర్ల బలమే కావాలి. అది మణికట్టుతో తిప్పేంత బలం. లీక్ ఆగాలని గట్టిగా బిగిస్తే రబ్బర్ నలిగి పక్కకి జరుగుతుంది, ప్లాస్టిక్ కవరైతే వంగిపోతుంది. వంగిన కవర్‌కి ఎన్ని గాస్కెట్లు మార్చినా ఫలితం ఉండదు. స్కేలు అంచు ఆనించి చూస్తే వంపు తెలిసిపోతుంది.

సిలికాన్ గురించి గట్టిగా చెప్పాలి. గాస్కెట్ మీద సిలికాన్ పులిమి మూయడం ఇక్కడి చిన్న గ్యారేజ్‌లలో అలవాటైపోయింది. కంపెనీ మాన్యువల్ చెప్పిన మూలల్లో ఒక చుక్క తప్ప ఇంకెక్కడా అది అక్కర్లేదు. ఎక్కువైన సిలికాన్ లోపలికి తెగి పడి సంప్‌లోని జల్లెడకి అడ్డం పడుతుంది. అప్పుడు ఇంజిన్‌కి ఆయిల్ అందదు. లీక్ ఆపబోయి ఇంజిన్ పోగొట్టుకున్నట్టవుతుంది.

టాపెట్ కవర్ తీసినప్పుడు స్పార్క్ ప్లగ్ గుంటల్లోని సీళ్లూ కలిపి మార్పించండి. ఆ గుంటల్లో ఆయిల్ నిలిస్తే బండి కుదుపులు ఇస్తుంది.

ప్రశ్న: నేను ఊద్ మేథాలో నర్సుని. రెండు నెలల సెలవుకి జగిత్యాల వెళ్లొచ్చాను. బండి అంతకాలం ఎండలోనే ఉంది. వచ్చాక షేక్ జాయెద్ రోడ్డు మీద మాడు వాసన వచ్చింది, తర్వాత ఎర్రటి నూనె డబ్బా గుర్తు ఒకసారి వెలిగి ఆరింది. నడపకుండా ఉంచిన బండికి లీక్ ఎలా వచ్చింది సార్?

జవాబు: ముందు ఆ గుర్తు సంగతి, అమ్మా. అది ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక. వెలిగిందంటే ఇంజిన్‌లో ఒత్తిడి పడిపోయిందని అర్థం. ఈసారి వెలిగితే హజార్డ్ లైట్లు వేసి, పక్కకి తీసి, వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఇంటి దాకా వెళ్దాం అనుకోకండి. ఆ కొద్ది నిమిషాల్లోనే బేరింగులు పట్టేస్తాయి. బండి ప్రమాదకరమైన చోట ఆగిపోతే 999కి ఫోన్ చేయండి, మీరు బారికేడ్ అవతల నిలబడండి.

ఇప్పుడైతే బండి కదపకుండా, సమతలంలో, ఇంజిన్ ఆపి కాసేపయ్యాక డిప్‌స్టిక్ తీసి చూడండి. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య తేడా సుమారు లీటరు. కింది గీతకన్నా తక్కువుంటే మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే కొద్దికొద్దిగా పోయండి, పై గీత దాటనివ్వకండి. మట్టం సరిగానే ఉండి కూడా గుర్తు వెలిగిందంటే స్టార్ట్ చేయవద్దు, రికవరీ బండి పిలవండి.

మాడు వాసన లీకైన ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి కాలుతున్న వాసన. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. బండికి నిప్పంటుకునే దారుల్లో ఇదొకటి. గ్యారేజ్‌కి నడిపి తీసుకెళ్లకండి, ఎక్కించి పంపండి.

ఇక నడపని బండికి లీక్ ఎందుకు? సీళ్లూ గాస్కెట్లూ రబ్బర్‌వి. రబ్బర్ కిలోమీటర్లతో పాటు వేడికీ కాలానికీ గట్టిపడుతుంది. 45 డిగ్రీలు దాటే ఎండలో మూసిన బానెట్ కింద వేడి అంతకన్నా చాలా ఎక్కువ. రోజూ తిరిగే బండిలో ఆయిల్ ఆ సీళ్లని తడుపుతూ ఉంటుంది. నెలల తరబడి నిలిచిన బండిలో తిరిగే సీళ్ల అంచులు ఎండిపోతాయి. అందుకే మన గల్ఫ్ బండ్లకి తిరిగిన దూరం చూసి సంతోషించకూడదు, వయసు చూడాలి. ఈసారి ఊరెళ్తే బండి నీడన పెట్టండి, వారానికోసారి నమ్మకమైనవాళ్లతో ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడిపించండి.

ప్రశ్న: లీక్ ఆపే ద్రవం డబ్బా ఒకటి దుకాణంలో చూశాను. దానికి బదులు 20డబ్ల్యు-50 ఆయిల్ పోస్తే చాలని మా రూమ్మేట్ అంటున్నాడు. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. ఆ డబ్బాలు గట్టిపడిన రబ్బర్‌ని కొంత ఉబ్బిస్తాయి. చిన్న ఊరుడు కొన్నాళ్లు తగ్గొచ్చు గానీ చిరిగిన గాస్కెట్ అతకదు. 0డబ్ల్యు-20 అడిగే ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పోస్తే సన్నటి దారుల్లోకి ఆలస్యంగా చేరుతుంది. రూమ్మేట్ మాట మంచి ఉద్దేశంతోనే అయినా ఇంజిన్‌కి చేటు.

ప్రశ్న: నెలాఖరుకి ముల్కియా (కారు రిజిస్ట్రేషన్) రెన్యువల్. బండి వయసు ఏడేళ్లు. ఇంజిన్ వాష్ చేయించి వెంటనే టెస్టింగ్‌కి తీసుకెళ్తే ఆయిల్ లీక్ పట్టుబడదంటున్నారు. నిజమేనా? అలాగే, వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరెళ్లిపోతున్న ఒక సహోద్యోగి తన కారు నా తమ్ముడికి అమ్ముతానంటున్నాడు. ఏం చూడాలి?

జవాబు: దుబాయ్‌లో సొంత కార్లకి మొదటి మూడేళ్లు దాటాక ఏటా పరీక్ష ఉంటుంది. తస్జీల్, షామిల్, వాసెల్ వంటి కేంద్రాల్లో బండిని కింద నుంచి కూడా చూస్తారు. కడిగిన బండి ఆ పూట గట్టెక్కినా, వారం తిరగకుండా మళ్లీ కారుతుంది. ఆ బండి నుంచి రోడ్డు మీద పడిన ఆయిల్‌కి వెనక బైక్ మీద వచ్చే డెలివరీ కుర్రాడు జారి పడొచ్చు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. గడువుకి రెండు మూడు వారాల ముందే చూపించి, బాగు చేయించి, అప్పుడు పరీక్షకి వెళ్లండి. గ్యారేజ్‌లో ముందే కాగితం మీద అంచనా రాయించుకోండి, తీసేసిన పాత సామాను అడిగి తీసుకోండి, 5 శాతం వ్యాట్‌తో బిల్లు తీసుకోండి. రేపు మళ్లీ లీకైతే మాట్లాడటానికి మీ చేతిలో ఉండేది ఆ బిల్లే.

మీ తమ్ముడి విషయానికొస్తే, ఇంజిన్ తళతళలాడుతుంటే "కడిగించి ఎన్నాళ్లయింది" అని అడగండి. అరగంట నడిపి, ఆపి, పది నిమిషాలాగి బానెట్ ఎత్తి వాసన చూడండి. కింద ప్లాస్టిక్ షీల్డ్ ఉంటే విప్పించి చూడాలి, చాలా లీకులు దాని మీదే దాక్కుంటాయి. డబ్బు చేతులు మారకముందే టెస్టింగ్ కేంద్రంలో పూర్తి తనిఖీ చేయించండి. అమ్మేవాడు స్నేహితుడే అయినా ఇది అడగడానికి మొహమాటపడవద్దని మీ తమ్ముడికి చెప్పండి.

ప్రశ్నలు పంపేవారు కారు మోడల్, సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, చివరిసారి ఆయిల్ మార్చిన తేదీ తప్పకుండా రాయండి. వీలైతే అట్టముక్క మీద మరక ఫొటో కూడా జతచేయండి. అప్పుడే సరైన జవాబు ఇవ్వగలను.