ప్రోగ్రాం ఎక్కించే ముందు చూడవలసినవి

సభ్యులు తెచ్చిన పాలను ముందు నమూనా తీసి పరీక్షిస్తాం. ఆ తర్వాతనే క్యానులో పోస్తాం. పోసిన తర్వాత పరీక్షించి లాభం లేదు. పాల లెక్కల ప్రోగ్రాంను కంప్యూటరులో ఎక్కించే "సెటప్" తయారు చేసేవారికీ ఇదే సూత్రం.

విండోస్ కంప్యూటర్లలో అనేక ప్రోగ్రాములు నడవాలంటే "డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్" అనే ఆధారం ముందే ఉండాలి. అది చూడకుండా సెటప్ ఫైళ్ళు నింపేసి "పూర్తయింది" అంటే, తెల్లవారి పాలు పోసే వేళకు ప్రోగ్రాం తెరుచుకోదు. వరుసలో నిలబడిన సభ్యులకు చీటీ అందదు. తొందరలో కాగితంపై రాసిన లెక్క తప్పితే నష్టపోయేది పాడి రైతే.

కనుక సెటప్ ఈ క్రమంలో పనిచేయాలి:

1. ఒక్క ఫైలు కూడా ఎక్కించక ముందే ఆధారం ఉన్నదీ లేనిదీ చూడాలి. విండోస్ తన వివరాలు రాసుకునే పద్దు పుస్తకం వంటిదే రిజిస్ట్రీ. ఈ ఆధారం 4.5 రకం, ఆ పై రకాలు ఉంటే అందులో "రిలీజ్" అనే అంకె కనిపిస్తుంది. 2019లో వచ్చిన 4.8 రకానికి అది కనీసం 528040.

2. "సరిగ్గా ఇంత" అని కాక "కనీసం ఇంత" అని అడగాలి. అదే 4.8కి కొన్ని విండోసులలో 528049 ఉంటుంది. తర్వాతి 4.8.1కి ఇంకా ఎక్కువ. వెన్న శాతం ఎక్కువ ఉన్నదని పాలను తిప్పి పంపము కదా!

3. ఆధారం లేకపోతే ఏది లేదో పేరుతో తెలుగులో చెప్పాలి. ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్ళకు దాని పూర్తి ఫైలును పెన్‌డ్రైవ్‌లో వెంట ఇవ్వాలి.

4. ఆధారం ఎక్కించాక 3010 అనే సంకేతం వస్తే తప్పు కాదు. పని జరిగింది, కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ వేయాలని అర్థం.

కార్యదర్శులకు ఒక మాట. ప్రోగ్రాం రాసేవారి యంత్రంలో అన్నీ ముందే ఉంటాయి కాబట్టి ఈ లోపం వారికి కనిపించదు. "ఆధారం లేని కంప్యూటరులో పరీక్షించారా?" అని తప్పక అడగండి. విండోస్ 11లో 4.8 గాని అంతకు పై రకం గాని ముందే ఉంటుంది. విండోస్ 7 వంటి పాత యంత్రాలున్న సంఘాలే ఎక్కువ జాగ్రత్త పడాలి. పాత లెక్కల నకలు తీసుకొని, ఉదయం సేకరణ ముగిశాక, సాయంత్రానికి చాలా ముందుగా ఈ పని పెట్టుకోండి.

ముందు పరీక్ష, తర్వాతే పోత. పాలకైనా, ప్రోగ్రాముకైనా ఇదే నియమం.