చేతిపనియే సాక్ష్యము

చదువు ముగిసిన పిదప నేవృత్తి నవలంబింపవలెనను చింత జపానువాడగు షిగేరు మియమోటోకును గలిగెను. ఆయన కనజావా పట్టణపు కళాశాలలో వస్తురూపకల్పనము నభ్యసించెను. తండ్రి యొక మిత్రుని మూలమున క్యోటోలోని నింటెండో సంస్థాధిపతియైన యమౌచితో సమావేశ మేర్పఱచెను. 1889లో పూలబొమ్మల పేకముక్కలతో నారంభమైన యా సంస్థకు అప్పుడు చిత్రకారునితో నంతగా బనిలేదు. అయినను యమౌచి, ఆటవస్తువు లేవైన జేసి తెమ్మనెను. మియమోటో పిల్లల యుడుపులు తగిలించుటకై జంతురూపములతో జేసిన కొయ్యవస్తువులను గొనిపోయి చూపెను. 1977లో నుద్యోగము లభించెను.

పిమ్మట అమెరికాలో నమ్ముడుపోక మిగిలిన యాటయంత్రములకు గ్రొత్త యాటను గల్పించుపని యాయనకు వచ్చెను. 1981లో వెలువడిన ‘డాంకీ కాంగ్’ అను వీడియో ఆట దాని ఫలమే. అది మిక్కిలి యాదరణము పొందెను.

కావున ఉద్యోగార్థి యోగ్యతాపత్రముతోపాటు తాను స్వయముగా జేసిన పనినిగూడ జూపవలయును.