చాట పక్కన పెట్టి బీపీ చూపించుకోండి

బీడీలు చుట్టే ఇళ్లల్లో కాళ్ల వాపును ఎవరూ పట్టించుకోరు. ఒళ్లో చాట పెట్టుకొని పొద్దస్తమానం కూర్చుంటే ఎవరి కాళ్లైనా ఉబ్బుతాయి. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు గర్భిణి కాళ్లు చూపిస్తే పెద్దవాళ్లు "నీరు దిగింది, కాన్పయితే పోతది" అంటారు. చాలామందికి అది నిజమే. చిక్కేమిటంటే, బీపీ పెరిగిన కొందరికి వాపూ ఉండదు, నొప్పీ ఉండదు. మిషన్ పెట్టి చూస్తేనే బయటపడుతుంది.

అందుకే మూడో నెల నిండకముందే, పేరు రాయించుకునేటప్పుడే ఏఎన్ఎంకు మీ సంగతులన్నీ చెప్పండి. కిందటి కాన్పులో బీపీ వచ్చి ఉంటే, గర్భానికి ముందు నుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉంటే, కడుపులో కవలలుంటే ప్రమాదం బాగా ఎక్కువ. తొలి చూలు, 35 దాటిన వయసు, అధిక బరువు, కాన్పుల మధ్య పదేళ్ల ఎడం వంటివి ఒక్కొక్కటిగా చిన్నవే, రెండు మూడు కలిస్తే మాత్రం డాక్టర్ లెక్కలోకి తీసుకుంటారు. తల్లికో అక్కకో గర్భంతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా అన్నదీ ముఖ్యమే. అక్కకు గుర్రపువాతం వచ్చిందని అత్తగారింట్లో చెప్పడానికి మొహమాటపడే కోడళ్లున్నారు. అది గాలి సోకడం కాదు, బీపీ ముదిరి వచ్చిన ఫిట్స్. కనీసం ఆశా అక్క చెవిన వేయండి.

ఇంత తొందర ఎందుకంటే, ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు డాక్టర్లు రాసే చిన్న మోతాదు ఆస్పిరిన్ 16 వారాల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. సొంతంగా కొని వేసుకోవద్దు. నాలుగో నెల నుంచి ఇచ్చే క్యాల్షియం బిళ్లలను ఐరన్ బిళ్లతో కలిపి మింగొద్దు, ఐరన్ ఒంటబట్టదు. ఉప్పు పూర్తిగా మానేసినా, మంచం దిగకపోయినా ఈ బీపీ రాకుండా ఆగదు.

వెయ్యి బీడీలకు ఇంతని కూలీ తీసుకునేవాళ్లకు పూట పోతే డబ్బు పోయినట్టే. ప్రతి నెలా 9న ప్రభుత్వ దవాఖానల్లో గర్భిణులకు డాక్టర్ చేత ఉచిత పరీక్ష ఉంటుంది, ఆ రోజు ఖాళీ ఉంచుకోండి. బీడీల గంప కార్ఖానాలో దించి, రొప్పుతూ వచ్చి వెంటనే చేయి చాపొద్దు. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలి. "బాగానే ఉంది" అంటే లేచి రాకండి, అంకెలు కార్డులో రాయించుకోండి. 140/90 తాకితే మళ్లీ చూడాలి, మూత్ర పరీక్షా చేయాలి.

ప్రసూతి సెలవు 26 వారాల దాకా ఉంటుందని ఉద్యోగం చేసే చాలామందికి తెలుసు. గర్భం వల్ల బీపీ లాంటి జబ్బు చేస్తే రుజువు చూపించి మరో నెల దాకా జీతంతో సెలవు అడగవచ్చన్నదే తెలియదు. ఇంకొకరి పేరు మీద బీడీలు చుట్టేవాళ్లకు అడగడానికి ఆధారమే ఉండదు. కాబట్టి కార్ఖానా రిజిస్టర్లో, పీఎఫ్‌లో మీ పేరు ముందే ఎక్కించుకోండి.

తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, ముఖమూ చేతులూ ఒక్కసారిగా ఉబ్బడం, బీపీ 160/110 చేరడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి. ఉట్నూరు, జైనూరు లోపలి గూడేలవాళ్లు వానాకాలంలో వాగు దాటాల్సి ఉంటే, బీపీ ఉందని తేలినప్పుడే ఎప్పుడు ఎక్కడికి చేరాలో డాక్టర్‌ను అడిగి పెట్టుకోవాలి. కాన్పు తర్వాత కూడా, ముఖ్యంగా మొదటి వారంలో, ఫిట్స్ రావచ్చు. తల్లిగారింటికి వెళ్లేటప్పుడు కార్డు వెంట తీసుకెళ్లి అక్కడి సబ్‌సెంటర్‌లో చూపించండి.