‘జమాత్’ – మాట పుట్టుక, మన బాధ్యత



మనం రోజూ వాడే మాట ‘జమాత్’. “జమాత్ నిలబడింది, త్వరగా రండి” అంటాం. “మా జమాత్ వాళ్లు” అంటాం. ఉర్దూ మీడియం పిల్లవాణ్ని ఏం చదువుతున్నావని అడిగితే “పాంచ్వీ జమాత్” అంటాడు. నమాజు వరుసకూ, సమాజానికీ, తరగతికీ ఒకటే మాట. ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో చూద్దాం.

మాట మూలం

అరబీలో చాలా మాటలు మూడు మూలాక్షరాల నుంచి పుడతాయి. జీమ్, మీమ్, ఐన్ కలిస్తే ‘జమఅ’. అంటే పోగుచేయడం, ఒకచోట చేర్చడం. దీని నుంచే జమాత్, జనం కూడే జుమా, అందరినీ చేర్చే జామె మసీదు, పండితుల ఏకాభిప్రాయమైన ఇజ్మా, విశ్వవిద్యాలయం అనే అర్థంలో జామియా వచ్చాయి. చార్మినార్ దగ్గర కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన జామె మసీదు పేరులో ఉన్నది ఈ మాటే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూలో ‘జామియా ఉస్మానియా’ అని పేరు.

దివ్య ఖుర్ఆన్‌లో 62వ సూరా పేరు ‘అల్ జుముఅ’. 3వ సూరా 103వ ఆయత్‌లో అల్లాహ్ తాడును గట్టిగా పట్టుకోమన్న చోట ‘జమీఅన్’ అనే మాట ఉంది. ఎవరికి వారు కాదు, అందరూ కలిసి పట్టుకోవాలని దాని భావం.

తెలుగులో ‘జమ’

ఈ మాట మసీదు దగ్గరే ఆగిపోలేదు. కిరాణా కొట్టు జమాఖర్చుల పుస్తకంలోకి వచ్చింది. ఏటా ఊరి శిస్తు లెక్కలు తేల్చే జమాబందిలోకి వచ్చింది. బ్యాంకులో ఎవరైనా డబ్బు ‘జమ’ చేస్తారు. తెలుగులో కలిసిపోయిన ఇలాంటి పరభాషా పదాలకు సి.పి. బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువే అచ్చువేయించారు. మన అల్మాస్‌గూడనే చూడండి: ‘అల్మాస్’ అంటే ఉర్దూలో వజ్రం, ‘గూడ’ మన తెలుగు మాట.

తెలుగులో ‘జమ’ అంటే లెక్క కూడా. పది రూపాయలు తగ్గితే అవి ఎక్కడ పోయాయో తేలేదాకా షావుకారు పుస్తకం మూయడు. మరి వరుసలో ఒక మనిషి తగ్గితే?

రిజిస్టరు నేర్పిన పాఠం

కొన్నేళ్ల క్రితం నా తరగతిలో ఒక అమ్మాయి పదకొండు రోజులు రాలేదు. రోజూ గైర్హాజరు వేస్తూ పోయాను. పన్నెండో రోజు ఇంటికి వెళ్లాను. తండ్రి సెంట్రింగ్ పనిలో కిందపడి మంచం మీద ఉన్నాడు. తల్లి ఇళ్లలో పనికి వెళ్తోంది. ఈ పిల్ల తమ్ముణ్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఆ తండ్రిని చూడగానే గుర్తుపట్టాను. ఎన్నో జుమాలు భుజానికి భుజం ఆనించి నమాజు చేశాం. ఆయన పేరు మాత్రం నాకు తెలియదు. అమ్మాయి మళ్లీ బడికి వచ్చింది కానీ, ఆ ఏడాది పరీక్ష తప్పింది. మొదటి వారంలోనే వెళ్లి ఉండాల్సింది. ఆ తప్పు నాదే.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలంలో మసీదు ఊడ్చే ఒక స్త్రీ ఉండేది. ఆమె కనిపించకపోయేసరికి ఆయన ఆరా తీశారు. చనిపోయిందని చెప్పారు. నాకెందుకు చెప్పలేదని అడిగి, సమాధి ఎక్కడో తెలుసుకుని, అక్కడికి వెళ్లి ఆమె కోసం నమాజు చేశారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఈ సంఘటన ఉంది. వచ్చినవారిని చూడటం తేలిక. రానివారిని గుర్తించడమే జమాత్.

దాతలకు విన్నపం

మీరిచ్చిన జకాత్, సదఖా సొసైటీ పుస్తకంలో జమ అయ్యాయి. దానికి ఖర్చు రాయాలంటే ఎవరి ఇంటికి చేరాలో తెలియాలి. అవసరం ఉన్నవారు చాలామంది నోరు తెరిచి అడగరు. అందుకే చందాతో పాటు ఒక పేరు కూడా ఇవ్వండి. మీ వరుసలో, మీ గల్లీలో కొన్నాళ్లుగా కనిపించని ఒకరి పేరు. వారి మర్యాద పోకుండా కమిటీవారి చెవిన వేస్తే చాలు.

చివరగా ఒక చిన్న అభ్యాసం. పోయిన జుమా నాడు మీ కుడిపక్క, ఎడమపక్క నిలబడినవారి పేర్లు రాయండి. రాయలేకపోతే వచ్చే శుక్రవారం సలాం చెప్పి అడగండి.

అల్లాహ్ మనందరి దానధర్మాలను స్వీకరించుగాక. ఆమీన్.