జాతీయ ఔషధ విధానం – ప్రజల భాగస్వామ్యం

మందుల నిబంధనలను ముసాయిదాగా ముందే ప్రచురించాలి: ఔషధ, సౌందర్య సాధనాల చట్టం–1940, సెక్షన్ 33. ఔషధ సాంకేతిక సలహా మండలి అదే చట్టం సెక్షన్ 5 కిందిది. ఈ రెండు సెక్షన్లనూ పరీక్షల్లో తారుమారు చేసి అడుగుతారు. కొన్న మందును ఎవరైనా రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుడితో పరీక్ష చేయించుకోవచ్చు: సెక్షన్ 26.

ధరల విషయంలో ప్రజల ఒత్తిడి ఎక్కువ. అఖిల భారత డ్రగ్ యాక్షన్ నెట్‌వర్క్ 2003లో సుప్రీంకోర్టుకెక్కింది. 2012లో ధరల విధానం, 2013లో నియంత్రణ ఉత్తర్వు వచ్చాయి. ఉత్తర్వుకు ఆధారం నిత్యావసర వస్తువుల చట్టం–1955, సెక్షన్ 3. ధరపై అభ్యంతరముంటే 15 రోజుల్లో సమీక్ష కోరవచ్చు (ఉత్తర్వు పేరా 31). ధరల సంస్థ ఎన్‌పీపీఏ ఏర్పాటు: 1997 ఆగస్టు 29. అత్యావశ్యక మందుల జాబితా–2022: 384 మందులు.

ప్రాంతీయ ప్రశ్న: ఫార్మా యూనిట్లున్న పోలేపల్లి సెజ్ ఏ పట్టణం దగ్గర? జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా.