ఊపిరితిత్తుల ఆపరేషన్ తర్వాత నొప్పి – నరాన్ని గడ్డకట్టించే చికిత్స

మీ ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తుల ఆపరేషన్ జరగబోతున్నదా? అయితే ఈ విషయాలు తెలుసుకోండి.

ప్రతి పక్కటెముక క్రింది అంచు వెంట ఒక నరం ఉంటుంది. ఛాతీని తెరవడానికి ఎముకలను ఎడం చేసినప్పుడు ఆ నరం నలుగుతుంది. అందుకే గాయం మానిన తర్వాత కూడా కొందరిలో మంట, సూదులతో పొడిచినట్లు బాధ నెలల తరబడి ఉంటుంది.

నొప్పిని ఓర్చుకోవడం మంచిదేనా?

కాదు. నొప్పికి భయపడి రోగి గట్టిగా ఊపిరి పీల్చడు, దగ్గడు. కఫం లోపలే నిలిచి న్యుమోనియా రావచ్చు. మొదటి రోజుల్లో నొప్పి ఎక్కువగా ఉన్నవారికి అది దీర్ఘకాలం మిగిలే అవకాశం కూడా ఎక్కువ.

నరాన్ని ఎలా గడ్డకట్టిస్తారు?

రోగి మత్తులో ఉండగానే, బాగా చల్లబరచిన సన్నని లోహపు కడ్డీ కొనను నరానికి ఆనిస్తారు. దాని చల్లదనం సుమారు మైనస్ 60 నుండి 70 డిగ్రీలు. ఒక్కొక్క నరానికి 2 నిమిషాల వరకు పడుతుంది. లోపలి తంతువులు దెబ్బతిని, నొప్పి కబురు మెదడుకు చేరదు. పై తొడుగు చెడిపోదు కనుక ఆ దారిలోనే నరం రోజుకు 1-2 మిల్లీమీటర్ల చొప్పున తిరిగి పెరుగుతుంది. కొన్ని వారాల నుండి కొన్ని నెలల లోపు స్పర్శ తిరిగి వస్తుంది. 1976లో ఇంగ్లండు వైద్యులు లాయిడ్, బర్నార్డ్, గ్లిన్ ఈ పద్ధతి గురించి లాన్సెట్ పత్రికలో వ్రాశారు.

దీనితో నొప్పి పూర్తిగా పోతుందా?

మొదటి రోజుల నొప్పి తగ్గుతుంది, బలమైన నొప్పి మందుల అవసరమూ తగ్గవచ్చు. కాని నెలల తర్వాత నొప్పి రాదని హామీ లేదు. కొందరికి నరం తిరిగి పెరిగేటప్పుడు కొత్తగా మంట రావచ్చు. ఈ సౌకర్యం అన్ని ఆస్పత్రులలో ఉండదు. వెన్నులో సన్నని గొట్టం ద్వారా మందు ఇవ్వడం, నరానికి మొద్దుబారే ఇంజక్షన్ ఇవ్వడం వంటి పద్ధతులు కూడా ఉన్నాయి. మీ రోగికి ఏది తగినదో ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరును అడగండి.

కుటుంబ సభ్యులు చేయవలసినవి

1. నొప్పి ముదిరే వరకు ఆగకుండా, డాక్టరు చెప్పిన వేళకు మందులు ఇవ్వండి.

2. దగ్గేటప్పుడు దిండును గాయం మీద అదిమి పట్టుకోమనండి.

3. మొద్దుబారిన చోట వేడి కాపడం పెట్టకండి. చర్మం కాలినా రోగికి తెలియదు.

4. 3 నెలలు దాటినా నొప్పి తగ్గకపోయినా, బట్ట తగిలితేనే మంటగా ఉన్నా డాక్టరుకు చూపించండి. నరాల నొప్పికి వేరే మందులు ఉన్నాయి.

"ఓర్చుకో, అదే తగ్గుతుంది" అని రోగితో అనకండి. ఎక్కడ, ఎలా నొప్పిగా ఉన్నదో రోజూ అడిగి, డాక్టరుకు చెప్పండి.