మీ చేతికి వచ్చే ఫారం: వైద్య, ఫిజియోథెరపీ విద్యార్థులపై పరిశోధనలు



మన హాస్టల్లో ఉండి బైపీసీ చదివి ఎం.బి.బి.ఎస్., బి.పి.టి. కోర్సుల్లో చేరేవాళ్లు ఏటా ఒకరిద్దరైనా ఉంటున్నారు. కాలేజీలో చేరిన కొన్నాళ్లకే మీ చేతికి ఒక ఫారం వస్తుంది. ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, నడుము నొప్పి ఉందా, మనసు దిగులుగా ఉంటోందా అని అందులో అడుగుతారు. పీజీ సీనియర్ థీసిస్ కోసమో, లెక్చరర్ పరిశోధన కోసమో ఆ జవాబులు కావాలి. ఆ ఫారం సంగతి నాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. మా ఇంట్లో డిగ్రీ చూసినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఫిజియోథెరపీలో చేరానని చెబితే మా అమ్మ "నడుం నొప్పి గురించి గూడా చదువుకుంటారంట్రా?" అని నవ్వింది. ముప్పై ఏళ్లు నాట్లు వేసిన నడుము ఆమెది.

ఈ కోర్సుల విద్యార్థుల మీదే ఇన్ని పరిశోధనలు ఎందుకు జరుగుతాయి? రేపు రోగిని చూడాల్సినవాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవాలన్నది ఒక కారణం. అది న్యాయమైనదే. రెండో కారణం సులువు. క్లాసులో వందమంది ఒకేచోట దొరుకుతారు, ఇంగ్లీషు ఫారం నింపగలరు, ఖర్చు లేదు. చేతికి అందినవాళ్లను తీసుకునే ఈ పద్ధతిని కన్వీనియెన్స్ శాంప్లింగ్ అంటారు. అలా వచ్చిన ఫలితాన్ని ఆ క్లాసు దాటించి అందరికీ అంటగట్టకూడదు. కానీ చాలాసార్లు అంటగడతారు.

ప్రశ్నావళులు చాలావరకు సీనియర్లు సొంతంగా రాసేవి కావు. ఒళ్లు నొప్పులకు ఎక్కువగా వాడేది 1987లో వెలువడిన నార్డిక్ ప్రశ్నావళి. మెడ నుంచి పాదాల దాకా శరీరాన్ని 9 భాగాలు చేసి, గత 12 నెలల్లో, గత 7 రోజుల్లో ఎక్కడ నొప్పి వచ్చింది, దానివల్ల పని ఆగిందా అని అడుగుతుంది. నిద్రకు 1989 నాటి పిట్స్‌బర్గ్ సూచిక ఉంది. గత నెల రోజుల నిద్రను 7 అంశాలుగా చూసి 21కి మార్కులు వేస్తారు. ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే సంతోషించకూడదు. 5 దాటితే నిద్ర బాగాలేదని అర్థం.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. రెండో సంవత్సరంలో మాకు నార్డిక్ ఫారం ఇచ్చారు. కింద ఒక ప్రశ్న అదనంగా కలిపారు: మీరు పడుకునేది ఫోమ్ పరుపు మీదా, దూది పరుపు మీదా, స్ప్రింగ్ పరుపు మీదా? అప్పుడు నేనుండేది కాలేజీ విద్యార్థుల సంక్షేమ హాస్టల్లో. ట్రంకు పెట్టె పక్కన నేల మీద దుప్పటి పరుచుకుని పడుకునేవాణ్ణి. ఆ గడి ఫారంలో లేదు. పైన రోల్ నంబరు రాయమన్నారు, సార్ ఎదురుగా నిలబడ్డారు. నడుము నొప్పి ఉందని రాస్తే ప్రాక్టికల్స్‌లో తేలిగ్గా చూస్తారేమోనని భయం. దూది పరుపు దగ్గర టిక్కు పెట్టి, నొప్పి లేదని రాసిచ్చాను. రెండూ అబద్ధాలే. కొన్ని నెలలకు నోటీసు బోర్డు మీద పోస్టరు పెట్టారు. దూది పరుపు మీద పడుకునేవాళ్లకు నొప్పి తక్కువని అందులో తేల్చారు. ఆ శాతంలో నేనూ ఉన్నాను. నాలాంటివాళ్లు ఇంకెందరున్నారో!

కొలిచే సాధనం మారితే అంకె ఎంతగా మారుతుందో చూడండి. 2016లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. 43 దేశాల్లోని 1,22,356 మంది వైద్య విద్యార్థుల సమాచారాన్ని కలిపి చూశారు. 27.2 శాతం మందిలో డిప్రెషన్ గానీ దాని లక్షణాలు గానీ కనిపించాయి. అయితే వాడిన ప్రశ్నావళిని బట్టి ఈ శాతం 9.3 నుంచి 55.9 దాకా మారింది. పైగా కలిపిన 183 అధ్యయనాల్లో 167 ఒక్కసారి ఫొటో తీసినట్టు చేసినవి. అవే ముఖాలను ఏళ్ల తరబడి వెంబడించినవి 16 మాత్రమే. ఫొటో చూసి దిగులు కాలేజీకి రాకముందే ఉందా, వచ్చాక పట్టుకుందా అని చెప్పలేం. నన్ను ఆపిన అంకె మరొకటి: లక్షణాలున్నట్టు తేలినవాళ్లలో మానసిక వైద్యం కోసం వెళ్లింది 15.7 శాతమే. డాక్టర్ల మధ్య తిరిగేవాళ్ల పరిస్థితి ఇది.

ఆ లెక్కలో కులం విడిగా కనిపించదు. దాన్ని సూటిగా అడిగిన విచారణ మన దేశంలో ఒకటి జరిగింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్షపై 2006లో కేంద్ర ప్రభుత్వం ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేసింది. 2007లో నివేదిక వచ్చింది. అధ్యాపకుల నుంచి తగినంత సాయం అందడం లేదని 69 శాతం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు చెప్పారు. బోధనలో ఏదో ఒక వివక్ష ఉందని 72 శాతం చెప్పారు. ఒక్క సంస్థ, మాట్లాడినవాళ్లు కొద్దిమందే, కాబట్టి ఈ అంకెలనూ దేశమంతటికీ అంటగట్టకూడదు. అయినా అడిగారు కాబట్టే జవాబు వచ్చింది.

ఫారం నింపడం తప్పనిసరి కాదన్నది మీరు మొదట తెలుసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నైతిక మార్గదర్శకాలు, పైవాళ్ల అధికారం కింద ఉండే విద్యార్థులకు ప్రత్యేక రక్షణ అవసరమని గుర్తించాయి. ముందుగా సమ్మతి పత్రం ఇవ్వాలి. ఒప్పుకోకపోయినా, మధ్యలో మానుకున్నా మార్కులకు నష్టం ఉండకూడదు. నైతిక కమిటీ అనుమతి ఉందా, పేరు ఎందుకు రాయాలి అని అడగవచ్చు. అడిగితే సీనియర్ మొహం మాడ్చుకోవచ్చు, అది వేరే విషయం. నింపొద్దని మాత్రం నేననడం లేదు. నింపితే నిజం రాయండి. సరైన గడి లేకపోతే పక్కన ఖాళీలో రాయండి.

ఇప్పుడు నేను ఎం.పి.టి. మొదటి సంవత్సరంలో ఉన్నాను. విద్యార్థుల నడుము నొప్పి మీదే నా థీసిస్. పోయిన నెల సినాప్సిస్ ఇచ్చాను. పేరుకూ రోల్ నంబరుకూ ఫారంలో చోటు పెట్టలేదు. పడక ప్రశ్న కింద "నేల మీద, చాప లేక దుప్పటి" అని ఒక గడి పెట్టాను. ఇదెందుకని గైడ్ మేడమ్ అడిగారు. చెప్పాను. కాసేపు ఏమీ అనకుండా, ఆ గడిని జాబితాలో కింద నుంచి తీసి పైకి మార్చారు.